రాయి కట్టిన బొమ్మ

కిందటి నెల అమ్ముడుపోయిన బొమ్మ రాయి కట్టించుకుని సముద్రం అడుగునుంచి వలలో పైకొచ్చిందని తెలిసేసరికి, కాంతం చేతిలోని చేపల గిన్నె జారి గుమ్మంలో పడింది.

"సిన్నగా అమ్మా" అంది చేపలమ్మే చిట్టమ్మ, చెల్లాచెదురైన కవ్వళ్ళ చేపలు ఏరి గిన్నెలో వేస్తూ. "అయ్యగోరు లెగిసిపోతారు. అందుకే గంప అడుగున దాసి తెచ్చినాను."

కాంతం గంపలోని ప్లైవుడ్ ముక్కని రెండు చేతులతో పైకెత్తింది. అంచులు ఉప్పునీటికి ఉబ్బాయి. ఓడలకి వేసే ఎనామిల్ రంగులు కాబట్టి బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. సముద్రం మీంచి చూస్తే కనబడే విశాఖపట్నం అది. మధ్యన యారాడ కొండ, దాని మీద తెల్లటి లైట్‌హౌసు, ఎడమవైపు దూరంగా స్టీలుప్లాంటు చిమ్నీ, కుడివైపు గట్టు మీద చర్చి. మూలన తన భర్త నరసింహమూర్తి సంతకానికి బదులు పెట్టే చిన్న గుర్తు. పైఅంచున ఎవరో మేకుతో చిల్లు పొడిచారు. చిల్లులోంచి నైలాను తాడు, ఆ తాడుకి పిడికిలంత నల్లరాయి.

"ఎక్కడిదే ఇది?"

"హార్బర్లో పెద్ద బోటోళ్ళ వలలో పడింది. సేపలేరతంటే నా సేతికి తగిలింది. అయ్యగోరి బొమ్మ నాను గుర్తుపట్టనేటి? రోజూ ఈ అరుగు మీదే కదా ఏత్తారు."

"ఎవరి చేతిలోంచో పొరపాటున జారిపోయుంటుంది."

"పొరపాటున జారిపోయింది రాయి కట్టుకుని మరీ జారద్దేటమ్మా?"

లోపల దగ్గు వినబడింది. నరసింహమూర్తి లేచాడు. కాంతం బొమ్మని కొంగు కింద పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఆ బొమ్మ ఆయన కంటబడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. రెండేళ్ళు పట్టింది, ఆయన్ని ఇక్కడిదాకా లాక్కురావడానికి.

నరసింహమూర్తిది కోనసీమ. ఉద్యోగం ఈ ఊరు లాక్కొచ్చింది. హార్బరులోకొచ్చే ఓడల్ని లాగే టగ్గు నడిపేవాడు. ఒక పొద్దుట ఓడకీ టగ్గుకీ మధ్య బిగించిన మోకు తెగి, కొరడాలా వెనక్కి తిరిగొచ్చి, డెక్కు మీద నిలబడ్డ చలమయ్యని కొట్టింది. చలమయ్య మళ్ళీ లేవలేదు. ఎవరి తప్పూ లేదని విచారణలో తేల్చారు. నరసింహమూర్తి చేతులు మాత్రం ఆ తీర్పుని ఒప్పుకోలేదు. ఆ రోజు మొదలైన వణుకు ఆగలేదు. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. మాట తగ్గింది. ఉద్యోగం పోయింది. కంచరపాలెంలో ఆ రెండు గదుల ఇల్లు కాంతం కుట్టుమిషను మీద నడవసాగింది.

ఆస్పత్రిలో డాక్టరు, చేతికి నచ్చిన పనేదైనా పెట్టి చూడమన్నాడు. పేకాట పెట్టింది, లాభం లేదు. పూలు గుచ్చమంది, సూది ఆయన వేలిలోనే గుచ్చుకుంది. ఒకరోజు ఇంట్లో మూలపడున్న రంగు డబ్బాలు ఆయనే తీసి, విరిగిన స్టూలు చెక్క మీద కొండ గీశాడు. బ్రష్షు పట్టుకున్నంతసేపూ చెయ్యి వణకలేదు. కాంతం తలుపు చాటునుంచి చూసి, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడింది.

అప్పట్నుంచీ అదే బొమ్మ. కొండ, లైట్‌హౌసు, చిమ్నీ, చర్చి. ఎప్పుడైనా కాంతం బతిమాలితే ఓ బంతిపూల కుండీ వేసేవాడు. మర్నాడు మళ్ళీ కొండే.

"ఎందుకండీ ఎప్పుడూ అదే?" అని ఒకసారి అడిగింది.

"ఓడ వచ్చేదాకా టగ్గుని అక్కడే ఆపుకునేవాళ్ళం" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

బొమ్మలు అరుగు నిండాక ఒకరోజు బ్రష్షు పక్కన పడేశాడు. "ఇవన్నీ ఎవరిక్కావాలి కాంతం? పనీపాటా లేనివాడి పిచ్చిగీతలు" అన్నాడు. సాయంత్రానికల్లా చేతుల వణుకు మళ్ళీ మొదలు. అప్పుడర్థమైంది కాంతానికి, రంగులు సగం మందేనని. మిగతా సగం, వాటిని కావాలనేవాడు ఒకడుండడం.

పూర్ణామార్కెట్ దగ్గర పటాలు కట్టే శ్రీరామ్మూర్తి కాళ్ళావేళ్ళా పడి, దేవుళ్ళ పటాల మధ్య రెండు బొమ్మలు వేలాడదీయించింది. ఎవరు వేశారో మాత్రం చెప్పొద్దంది. ఆ ప్రమాదం గురించి ఊరంతా మళ్ళీ తవ్వడం ఆమెకి ఇష్టం లేదు. మొదటి బొమ్మ అమ్ముడుపోయిన రోజు నరసింహమూర్తి తనంతట తనే గడ్డం గీసుకున్నాడు.

"ఎవరు కొన్నారు? ఏమన్నారు?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

కాంతానికి తెలియదు. తెలియదంటే ఆ మొహం వాడిపోతుంది. అందుకని నోటికొచ్చింది చెప్పేసింది. "రుషికొండలో ఉంటాట్టండీ, రిటైరైన పెద్ద ఆఫీసరు. ఆకాశం రంగు చూసి కదల్లేదట."

తర్వాత అమ్ముడుపోయిన బొమ్మలన్నీ ఆ ఆఫీసరు ఖాతాలోనే వేసింది. ఆయనకి సముద్రం కనబడే గది కట్టించింది. గది గోడ నిండా బొమ్మలు తగిలించింది. ఇంత ఘనమైన ఆఫీసరు ఊళ్ళో నిజంగా ఉంటే బావుండునని ఆమెకే అనిపించేది.

ఇప్పుడు ఆ ఆఫీసరు గోడ మీద ఉండాల్సిన బొమ్మ బియ్యం డబ్బా వెనక నీళ్ళు కారుతోంది.

కాఫీ గ్లాసు అందుకుంటూ నరసింహమూర్తి అన్నాడు. "కాంతం, ఈ ఆదివారం రుషికొండ వెళ్దాం."

"ఎందుకండీ?"

"గోడ మీద అవి ఎలా ఉన్నాయో చూడాలనుంది. ఆయనకి ఓ నమస్కారం పెట్టొద్దూ?" గ్లాసులో కాఫీ తొణకలేదు. ఆయన చెయ్యి అంత నిలకడగా ఉంది.

కాంతం ఆ మధ్యాహ్నమే పూర్ణామార్కెట్ బస్సెక్కింది.

*

శ్రీరామ్మూర్తి చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని మాట్లాడతాడు. ఎంత మాట్లాడినా ఒక్క మేకూ కింద పడదు.

"కొనేది ఒక్కడేనమ్మా. అన్నీ ఒక్కడే."

"ఆఫీసరులా ఉంటాడా?"

"ఆఫీసరా? లుంగీ కట్టుకుని సైకిలు మీదొస్తాడు. ఫ్రేము కట్టించుకోవయ్యా అంటే వద్దంటాడు. ఫ్రేము లేనోడు నాకేటి పనికొస్తాడు చెప్పండి?"

"బొమ్మ చూసి ఏమంటాడు?"

"అనడమ్మా, చేస్తాడు." శ్రీరామ్మూర్తి సుత్తి పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, కుడిచెయ్యి బారుగా చాపి, బొటనవేలు నిలువుగా పెట్టాడు. "ఇదిగో ఇలాగ. వేలు ముందు లైట్‌హౌసుకి అడ్డం పెడతాడు. తర్వాత చర్చికి. తర్వాత తల పట్టుకుంటాడు. ఆనక కొంటాడు. మీవారు వేసిన బంతిపూల కుండీ చూపించాను. వంక పెట్టడానిక్కూడా చూళ్ళేదు. కొండ ఉన్నదే కావాలి."

"ఇంకేమైనా అడిగాడా?"

శ్రీరామ్మూర్తి కాస్త తటపటాయించాడు. "అడిగాడమ్మా. వేసినాయన ఎవరు, సముద్రం మీదకి ఎవరితో వెళ్ళేవాడు అని. మీరు చెప్పొద్దన్నారు కదా, నేను చెప్పలేదు."

సముద్రం మీదకి ఎవరితో వెళ్ళేవాడు. సిటీ బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్న కాంతానికి ఆ మాట చెవిలో హోరు పెట్టింది. ఎవరితో అంటే చలమయ్యతో. అడిగినవాడు చలమయ్య మనిషే అయ్యుండాలి. తమ్ముడో, బావమరిదో. పగ పెట్టుకున్నాడు. మనిషిని ఏమీ చేయలేక మనిషి వేసిన బొమ్మకి రాయి కట్టి ముంచుతున్నాడు. మరి పగవాడు బొమ్మని డబ్బు పెట్టి కొనడమేమిటి? కొన్నవాడు ఇంటి పెరట్లో విరిచి పొయ్యిలో పెట్టక సముద్రం దాకా మోయడమేమిటి? ఆ వేలు అడ్డం పెట్టడమేమిటి? చేతబడేమో అని కూడా అనుకుంది. ఏ దారిన పోయినా ఆలోచన కొంతదూరం నడిచి ఆగిపోతోంది.

మర్నాడు చిట్టమ్మ గంప దించీ దించకముందే అడిగింది. "చలమయ్య మీ పేటవాడే కదే. వాళ్ళవాళ్ళకి మా ఆయన మీద కోపమేమైనా ఉందా?"

"కోపమా? ఆల అమ్మయితే మొన్న కూడా అడిగింది, టగ్గు బాబు బువ్వ తింటన్నాడేటని. అన్నయ్యేమో ఇజీనారంలో ఉన్నాడు. ఇక్కడెవులూ నేరు." చిట్టమ్మ కత్తిపీట కోసం చెయ్యి చాపింది. "అయినా మీ రుసికొండ ఆఫీసరు ఉన్నాడు కదా అమ్మా, ఆణ్ణే అడగండి."

"ఆఫీసరూ లేడు, గదీ లేదు. అదంతా నేను అల్లిన కథ."

"ఓలమ్మ" అంది చిట్టమ్మ మెల్లిగా. "నాను మా పేటంతా సెప్పీసినాను."

"కొనేవాడు లుంగీ మనిషట. ఒక కన్ను మూసి, ఇలా చెయ్యి చాపి, బొటనవేలు…" కాంతం చేసి చూపించింది.

చిట్టమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. చేపని గంపలో వేసింది. గంప నెత్తికెత్తుకుంది.

"ఏంటే, చేపలు?"

"ఈయాల మీకు మంచి సేపలు నేవమ్మా" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

చిట్టమ్మ కూడానా? రోజూ గుమ్మంలో కూర్చుని కడుపులో మాటలన్నీ కక్కించుకునే చిట్టమ్మ కూడా ఇందులో ఉందా? ఉంటే ఆ బొమ్మ తెచ్చి తనకెందుకు చూపించింది? లోపల నరసింహమూర్తి ఆదివారానికని చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చేతులు వణకకుండా, మడత మడతకీ ఆగి చూసుకుంటూ.

*

శనివారం మధ్యాహ్నం కాంతం కొత్త బొమ్మ ఒకటి తీసుకుని పూర్ణామార్కెట్ వెళ్ళింది. దాన్ని ముందు వరసలో పెట్టించి, తను లోపల పెద్ద అద్దాల చాటున స్టూలు వేసుకుంది.

"ఇవాళే వస్తాడని ఏటి నమ్మకం?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"వస్తాడు. లేకపోతే రేపు నేను చచ్చానన్నమాటే."

వచ్చాడు. ఎండకి కమిలిన భుజాలు, వేళ్ళ నిండా గేలాలు చీరిన పాత గాట్లు. సైకిలు దిగకుండానే కొట్లోకి తొంగి చూశాడు. బొమ్మ కనబడగానే మొహం పాలిపోయింది. లోపలికొచ్చి, కన్ను మూసి, చెయ్యి చాపి, వేలు నిలబెట్టాడు. లైట్‌హౌసు, చిమ్నీ, చర్చి. వేలు దించి, ఎవరో చచ్చిపోయిన కబురు విన్నట్టు నిట్టూర్చాడు.

"మళ్ళీ ఏసీసినాడు" అన్నాడు తనలో తను.

కాంతం అద్దాల చాటునుంచి లేచింది. "బాగుందా బాబూ?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఎవులమ్మా నువ్వు?"

"అది వేసినాయన భార్యని."

వాడు వేడి పెనం ముట్టుకున్నట్టు బొమ్మని వదిలేసి బయటికి నడిచాడు. కాంతం వెంటపడింది. మార్కెట్టు జనం మధ్యలో, సిగ్గు కూడా మరిచిపోయి అడిగింది. "రాయెందుకు కట్టావు? ఆయన నీకేం చేశాడు?"

పెడలు మీద కాలు పెట్టినవాడు ఒక్క క్షణం ఆగాడు. "ఏటి సేసినాడా" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అసలు ఆయనకెవులు సూపించినారమ్మా? అది సెప్పు ముందు." ఆమె నోరు తెరిచేలోగా సైకిలు ఆటోల మధ్య కలిసిపోయింది.

ఎవరు చూపించారా? ఏది చూపించారు? కాంతం నడిరోడ్డు మీద నిలబడిపోయింది. పట్టుకుంటే ముడి విడిపోతుందనుకుంది. ఇంకో ముడి పడింది.

*

ఆదివారం పొద్దున్నే నరసింహమూర్తి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. కాంతం జ్వరమని చెప్పడానికి సిద్ధంగా దుప్పటి కప్పుకుని గుమ్మంలోకొచ్చింది.

వీధి మలుపులోంచి చిట్టమ్మ వస్తోంది. నెత్తి మీద గంప లేదు. ఒక మగమనిషి మోచెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. నిన్నటి సైకిలు మనిషే.

"ఇదిగో అమ్మా, మీ రుసికొండ ఆఫీసరు" అంది చిట్టమ్మ. "మా ఇంట్లోనే ఉన్నాడు. నాను పెళ్ళాడినాను."

నరసింహమూర్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరీయన, కాంతం?"

చిట్టమ్మ భర్త వెనక నిలబడి వీపు మీద పొడిచింది.

"ఎల్లారావు, మా ఆయన. మీరు ఏలు సూపించిన రోజే పోల్సుకున్నానమ్మా. తెప్ప మీద రోజూ సేసే పనే కదా ఇది. ఒప్పించి తేవడానికి ఇన్నాళ్ళు పట్టింది. సెప్పవయ్యా. నాకు సెప్పినట్టే మొత్తం సెప్పు. మజ్జిలో మింగావంటే ఇంటికి రావద్దు."

కుర్చీ చెయ్యి మీద నరసింహమూర్తి వేళ్ళు కదలడం మొదలైంది. కాంతం ఎల్లారావు కళ్ళలోకి చూసి, భర్తకి కనబడకుండా దణ్ణం పెట్టింది. ఎల్లారావు తలగుడ్డ విప్పి చేతిలో నలిపాడు. అరుగు మీద ఆరుతున్న బొమ్మకేసి ఒకసారి, నేలకేసి ఒకసారి చూశాడు.

"కొన్నది నానే బాబూ. ముంచింది కూడా నానే. ఆఫీసరూ నేడు, గదీ నేదు. అమ్మగోరు నాకేసి దణ్ణమెడతన్నారు, బాగున్నాయని కొన్నాను అని సెప్పమని. నాను సెప్పలేను. బాగుందో నేదో నాకు తెల్దు. నాను సముద్రం సూణ్ణేర్సినోణ్ణి గానీ బొమ్మలు సూణ్ణేర్సినోణ్ణి కాదు.

"మాది గేలాల ఏట. మా తాత సూపెట్టిన సోటొకటుంది, నీళ్ళ కింద రాళ్ళగుట్ట. పైకి ఏటీ కనబడదు. లైట్‌హౌసుకి ఎడమపక్క చిమ్నీ బొటనేలంత ఎడంలో రావాల. ఇటేపు చర్చి ఎనక దూరం కొండ నొక్కు కూకోవాల. ఆ రెండూ కుదిరిన సోట గేలమేత్తే మంచి దర పలికే కొనెం సేప పడద్ది. తాత రోజుల్లో చిమ్నీ నేదు, అక్కడ తాటిచెట్లు గుర్తు. మా నాయిన నాకొక్కడికే సెప్పినాడు. సొంత తమ్ముడికి నాను సెప్పనేదు. నా పెళ్ళానికీ సెప్పనేదు. ఎవుడికైనా తెలిసిందంటే నెల తిరక్కుండా ఊడ్సీత్తారు బాబూ.

"పోలమ్మ పటం కట్టిద్దామని ఆ షాపుకెళ్ళినాను. దేవుళ్ళ మజ్జిన నా సోటు ఏలాడతంది. మార్కెట్టుకొచ్చినోడల్లా సూత్తన్నాడు. నాకు కాళ్ళాడనేదు. మా ఇంటోడే ఎవడో అమ్మీసినాడనుకున్నాను. కొనీసి పట్టుకుపోయినాను. పీడా పోయిందనుకుంటే ఇంకొకటెట్టినారు. అదీ కొన్నాను. మళ్ళీ ఇంకోటి. నాను కొంటన్నానని మీరేత్తన్నారు, మీరేత్తన్నారని నాను కొంటన్నాను. నాకేటి తెల్సు? ఏ పనీ సెయ్యబుద్ది కానేదు.

"కాల్సీద్దామనుకున్నాను. అగ్గిపుల్ల గీసినాను కూడా. అందులో సముద్రముంది, గంగమ్మ కదా, తల్లిని తీసుకెళ్ళి నిప్పులో ఎలాగెడతాను? అందుకని ఎక్కడిదక్కడే ఇచ్చీసినాను. తేలిపోకుండా రాయి కట్టినాను. అంతేగానీ మీ మీద పగా నేదు, సేతబడీ నేదు. టగ్గు అక్కడాగేది, నాకు తెల్సు. మీరు సూత్తన్నారని నాను గేలాలు పైకి లాగీసి ఉత్తినే కూకునీవోణ్ణి. మీరు నాకేసి సూడనేదని, కొండకేసే సూసినారని రాత్రి నా పెళ్ళం సెప్తే తెలిసింది.

"ఇంకొకటి ఉంది. ఇది దీనికి కూడా సెప్పనేదు. అన్నీ ముంచనేదు. ఒకరోజు మంచు పట్టి చిమ్నీ కనబడనేదు, చర్చీ కనబడనేదు. ముంచుదామని తెచ్చిన బొమ్మ తెప్పలో ఉంది. లైట్‌హౌసు కింద ఏ రాయి నిటారుగా రావాలో అందులో ఉంది బాబూ, ఆ రాయి నాకే గుర్తు నేదు. దాన్ని బట్టి జరుగుకుంటా ఎల్లి గేలమేసినాను. పడింది. ఆ బొమ్మని ముంచడానికి సెయ్యి రానేదు. అది నా దగ్గరే ఉంది, మీరు ఇమ్మన్నా ఇవ్వను.

"నవ్వుతన్నారేటి బాబూ? నవ్వకండి, నాకు బయమేత్తంది. మీ బొమ్మలు మీరు ఎవులికైనా అమ్ముకోండి, నాను అడ్డం రాను. చిమ్నీని ఓ బొటనేలు అటుగా జరిపి ఏత్తే సాలు. ఏటి, జరపరా? అది అక్కడే ఉందంటారా? ఉంది, అక్కడే ఉంది, నానేటి నేదన్నానా. అయితే నానే కొనుక్కుంటాను, ఏటి సేత్తాను."